రన్‌వేలకు వేసే గాజు జాలి, మిర్యాలగూడ మిల్లు యార్డులో

పాత కాంక్రీటు మీద డాంబర్ పొర వేస్తే కిందనున్న జాయింట్లూ పగుళ్లూ కొన్నాళ్లకు అవే గీతల్లో పైకి తేలుతాయి. అలా తేలకుండా రెండు పొరల నడుమ పరిచే గాజునార జాలి గురించి ఈ సమీక్ష. మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు లారీ యార్డులో దీన్ని పరిచారు. అమ్మకందారు ఇచ్చిన కరపత్రం అట్ట మీద పెద్ద విమానాశ్రయపు రన్‌వే ఫోటో ఉంది. పరచడానికి వచ్చిన మేస్త్రి కూడా "సార్, ఇది రన్‌వేలకు వేసే మాల్, మీ లారీలు దీనికి ఒక లెక్కనా?" అని ధీమాగా అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, రన్‌వేల పునరుద్ధరణలో ఈ తరహా జాలీలను చాలా దేశాల్లో వాడుతున్నారు. అయితే జాలి పరిచే ముందు దాని కిందనున్న పలకలకు రన్‌వే మీద ఏమేం చేస్తారో కరపత్రంలో ఎక్కడా లేదు. ఈ సరుకు యార్డులో ఒక వైపు చక్కగా పనిచేసి మరో వైపు విఫలమవడానికి కారణం అక్కడే ఉంది. ఇలాంటి జాలీలను పలు కంపెనీలు దాదాపు ఒకే కొలతలతో అమ్ముతున్నాయి కనుక కంపెనీ పేరు రాయడం లేదు. రోడ్ల పనిలో ఉన్న ఇంజనీరుగా, మిల్లు యజమాని కోరిక మీద ఈ పనిని మొదటి నుంచి చూశాను. పరిచాక రెండో వానాకాలం కూడా దాటింది కనుక ఇప్పుడు తీర్పు చెప్పవచ్చు.

యార్డు సంగతి కొంత చెప్పకపోతే తీర్పు అర్థం కాదు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు వానాకాలం పంటకు అక్టోబరు నుంచి, యాసంగికి ఏప్రిల్ నుంచి ఇక్కడి మిల్లులకు చేరతాయి. ఆ నెలల్లో నిండు లోడు లారీలు కాటా దగ్గర వరుస కట్టి, కొంచెం కదులుతూ, మళ్లీ బ్రేకు వేస్తూ గంటల తరబడి నిలబడతాయి. కింద ఉన్నది నాలుగున్నర మీటర్ల పలకలుగా పోసిన పాత కాంక్రీటు, జాయింట్లలో డోవెల్ కడ్డీలు (ఒక పలక మీది బరువును పక్క పలకకు పంచే ఇనుప కడ్డీలు) వేయలేదు. గోదాముల వైపు పలకల కింద గట్టి మొరం ఉంది, కాటా వైపు మాత్రం ఒకప్పటి పల్లాన్ని నల్లమట్టితో పూడ్చి పైన కాంక్రీటు పోశారు. గతంలో ఒకసారి ఏ జాగ్రత్తా లేకుండా నేరుగా డాంబర్ వేయిస్తే జాయింట్లన్నీ చదరంగం పలక గీసినట్టు పైకి వచ్చాయి. ఈసారి రెండు పంటల నడుమ దొరికిన ఖాళీలో, ఎండలు ముదరకముందే, ఆ పాత డాంబర్‌ను చెక్కించి, సర్దుబాటు పొర వేసి, జాలి పరిచి, దాని మీద 50 మిల్లీమీటర్ల డాంబర్ కాంక్రీటు (కంకర, డాంబర్ కలిపిన మిశ్రమం) వేశారు.

పగులు పైకి ఎక్కడానికి రెండు కదలికలు కారణం. మొదటిది అడ్డ కదలిక. కాంక్రీటు ప్రతి డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 10 మైక్రాన్లు సాగుతుంది, చల్లబడితే అంతే కుంచించుకుంటుంది. నల్లగొండ జిల్లాలో ఎండాకాలపు మధ్యాహ్నానికీ జనవరి తెల్లవారుజాముకీ నడుమ పలక సగటు వేడిలో 30 డిగ్రీల తేడా వేసుకుంటే, 4.5 మీటర్ల పలక నిడివి దాదాపు 1.35 మిల్లీమీటర్లు మారుతుంది. ఈ అంకె చూడటానికి చిన్నదే. కాని పైనున్న డాంబర్ పలకకు గట్టిగా అంటుకుని ఉంటుంది కనుక ఆ సాగుడంతా జాయింటుకు నేరుగా పైన ఉన్న సన్నని పట్టీలోనే పడుతుంది. పైగా జాయింటు ఎక్కువగా తెరుచుకునేది చలి వేళలో, డాంబర్ బిరుసెక్కి సాగే గుణం తగ్గిన సమయంలోనే. రెండోది నిలువు కదలిక. బరువైన చక్రం ఒక పలక అంచు మీదికి వచ్చినప్పుడు ఆ అంచు కుంగి, పక్క పలక అంచు కదలకుండా నిలబడితే, వాటి మీదుగా పరుచుకున్న డాంబర్ నిలువునా కోతకు గురవుతుంది. రెండు సందర్భాల్లోనూ పగులు కింది నుంచి మొదలై పైకి ఎక్కుతుంది. ఏడాదికి ఒక అంగుళం మేర ఎక్కుతుందని రోడ్ల పనిలో చాలా కాలంగా వాడే మోటు లెక్క ఒకటి ఉంది. ఆ లెక్కన రెండంగుళాల పొర ఏ రక్షణా లేకుండా రెండేళ్లు ఆగితే అది దాని వంతు పని చేసినట్టే.

రన్‌వే మీద ఈ రెండు కదలికల పాళ్లు వేరుగా ఉంటాయి. శంషాబాద్‌లో 2008 మార్చిలో ప్రారంభమైన విమానాశ్రయపు ప్రధాన రన్‌వే పొడవు 4260 మీటర్లు. అంతటి ఉపరితలం ఏడాదంతా ఎండకూ చలికీ తెరిచి ఉంటుంది, చక్రాలు మాత్రం నడుమ కొంత మేరలోనే నడుస్తాయి. విమానాలు వేగంగా దాటిపోతాయి, లారీల్లా ఒకే చోట నిలబడవు. కనుక రన్‌వే మీద మళ్లీ తేలే పగుళ్లలో వేడి, చలి వల్ల వచ్చేవే ఎక్కువ. చక్రాలే తొక్కని అంచు భాగాల్లోనూ అవి కనిపించడానికి కారణం ఇదే. దీనివల్ల బరువు తేలిక అని కాదు. ఒక మోస్తరు జెట్ విమానపు టైరులో గాలి ఒత్తిడి 200 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా ఉంటుంది, లారీ టైరులో అందులో సగం, కొన్నిటిలో కొంచెం ఎక్కువ. రన్‌వే మీద పగులును కొలిచే లెక్క కూడా వేరు. మిల్లు యార్డులో సన్నని గీత కనిపిస్తే ఎవరికీ నష్టం లేదు, నీరు దిగకుండా చూసుకుంటే చాలు. రన్‌వే మీద అదే గీత అంచులు రాలి ఒక కంకర రాయి లేచినా, ఇంజను దాన్ని లోపలికి లాక్కుంటుంది. అందుకే అక్కడ పగులు వచ్చిందా లేదా అన్న దానితో సమానంగా, వచ్చిన పగులు సన్నగా, అంచులు రాలకుండా ఉందా అన్నదీ చూస్తారు. అంచులను బిగించి ఉంచే పని జాలి బాగా చేస్తుంది. కరపత్రం ఆ మాట చెప్పి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు, కాని అందులో "శాశ్వత నివారణ" అని అచ్చు వేశారు.

ఇక సరుకు. నల్లని పాలిమర్ పూత పూసిన గాజునార పోగులను చతురస్రపు గళ్లుగా అల్లి, అడుగున జిగురు పూసి, చుట్టలుగా అమ్ముతారు. యార్డులో పరిచిన రకం లాగుడు బలం రెండు దిశల్లోనూ మీటరు వెడల్పుకు 100 కిలోన్యూటన్లు. గాజు పెద్దగా సాగదు, మూడు నాలుగు శాతం సాగేలోపే తెగుతుంది. డాంబర్ సాగడం మొదలుపెట్టగానే బరువును తన మీదికి తీసుకోవడానికి ఈ బిరుసుతనమే పనికొస్తుంది. వేడి విషయంలోనూ గాజుకు తిరుగులేదు. ప్లాంటు నుంచి మిశ్రమం 150, 160 డిగ్రీల వేడితో వచ్చి దాని మీద పడినా ఏమీ కాదు. ఇదే పనికి జాలి బదులు పరిచే పాలీప్రొపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) గుడ్డ అయితే 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది కనుక, మన వాతావరణానికి వాడే వీజీ-40 అనే గట్టి రకం డాంబర్ కలిపిన మిశ్రమాన్ని దాని మీద వేసేటప్పుడు థర్మామీటరు చేతిలో ఉండాల్సిందే.

పరచడంలో ఈ సరుకు చాలా పట్టింపు గలది. కింద దుమ్ము ఉంటే జిగురు పట్టదు, తడి ఉంటే అసలే పట్టదు, చెక్కిన గరుకు మీద నేరుగా వేస్తే గట్ల మీద మాత్రమే ఆని నడుమ గాలిలో తేలుతుంది. అందుకే కింద ముందుగా పలుచని సర్దుబాటు పొర తప్పనిసరి. మేస్త్రి బృందం పొద్దున చల్లని వేళలో పరిచిన మేర అద్దంలా పడుకుంది. మధ్యాహ్నం పరిచిన ఒక వరుసలో మాత్రం డాంబర్ తెచ్చిన టిప్పర్, పేవర్ (డాంబర్ పరిచే యంత్రం) ముందుకు రివర్సు వస్తూ స్టీరింగు తిప్పేసరికి, వెనక చక్రం కింద జాలి మెలితిరిగి, గళ్లు వంకరపోయి, నాలుగు వేళ్ల ఎత్తున ముడత లేచింది. ఆ ముక్కను కత్తితో కోసి తీసి, అంచుల మీదికి ఎక్కేలా కొత్త ముక్క వేయించాల్సి వచ్చింది. కోసిన చోట పొడుచుకొచ్చే గాజు పోగులు చేతికి గుచ్చుకుంటే రోజంతా దురద పెడుతుంది. బృందంలో సగం మందికి గ్లౌజులు లేవు, ఇది పరిచే కాంట్రాక్టరు తప్పు తప్ప సరుకు తప్పు కాదు. జిగురు పట్టిందో లేదో తేల్చుకోవడానికి చిన్న ముక్కను అంటించి రోలరు నడిపి, స్ప్రింగ్ త్రాసు కొక్కెంతో పైకి లాగి చూసే పరీక్ష ఉంది. అమ్మకందారు ప్రతినిధి అడగకుండానే దాన్ని చేసి చూపించాడు, ఆ ఒక్క విషయంలో అతని సేవకు పూర్తి మార్కులు.

గుడ్డా జాలీ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక ఆ తేడా కూడా చెప్పాలి. నేత లేని పాలీప్రొపిలీన్ గుడ్డను చదరపు మీటరుకు సుమారు ఒక లీటరు వేడి డాంబర్ పోసి, అందులో నానేలా పరుస్తారు. అది పగులును ఆపడంలో జాలి అంత గట్టిది కాదు, కాని డాంబర్ పీల్చుకుని నీరు దిగని పొరగా మారుతుంది. పైన పగులు వచ్చినా వాన నీరు పలకల కిందికి చేరదు. జాలికి ఆ గుణం లేదు, గళ్ల గుండా నీరు నేరుగా దిగుతుంది. రెండూ కలిపి కుట్టిన రకం మార్కెట్లో ఉంది, ధర ఎక్కువ. నల్లమట్టి మీద కూర్చున్న కాటా వైపు భాగానికి నీరు ఆపడమే ముఖ్యం కనుక, పరిచి తీరాలనుకుంటే ఆ కలిపిన రకమే అడగాల్సింది. గుడ్డతో ఉన్న చిక్కు మరొకటి. డాంబర్ ఒక పిసరు ఎక్కువైతే మన ఎండలకు పైకి ఊరుతుంది, బ్రేకు వేసే చోట పై పొర జారి నెలవంక ఆకారపు చీలికలు వస్తాయి.

ఫలితం ఇలా ఉంది. గోదాముల వైపు యార్డు రెండు వానాకాలాల తర్వాత కూడా దాదాపు శుభ్రంగా ఉంది. వెతికి చూస్తే రెండు మూడు జాయింట్ల మీద వెంట్రుక మందపు గీతలు కనిపిస్తాయి, వాటి అంచులు రాలలేదు. ఆ గీతల్లో ఒకదాని పక్కన, పైకి ఏమీ కనిపించని జాయింటు మీద కోర్ తీయించి చూశాము. నాలుగంగుళాల ఆ గుండ్రని ముక్కను కడిగి వెలుతురులో తిప్పితే, కింది సర్దుబాటు పొరలో పగులు స్పష్టంగా నిలువునా ఎక్కి, జాలి ఉన్న గీత దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి పక్కకు తిరిగి ఒక వేలెడు దూరం పాకి ఆగిపోయింది. పోగులు తెగలేదు, పై 50 మిల్లీమీటర్లలో గీత లేదు. ఈ సరుకు చేయాల్సిన పని అచ్చంగా ఇదే.

కాటా వైపు కథ వేరు. మొదటి వానాకాలం ముగియకముందే పాత జాయింట్ల గీతలు తిరిగి వచ్చాయి, అక్కడక్కడ వేలు పట్టేంత వెడల్పుతో. నిండు లోడు లారీ వెనక ఇరుసు జాయింటు దాటిన ప్రతిసారీ ఆ పగుళ్లలోంచి బూడిద రంగు బురద నీరు చిమ్మి, పక్కన డాంబర్ మీద విసనకర్రలా పరుచుకుని ఆరిపోయేది. పలకల కింద బోలు ఏర్పడిందనీ, అందులో నీరు చేరిందనీ, అంచు కుంగినప్పుడల్లా ఆ నీరు మట్టిని తనతో పైకి తెస్తోందనీ దాని అర్థం. అక్కడ తీసిన కోర్ చేతిలోకి వచ్చేసరికే జాలి దగ్గర రెండు ముక్కలైంది. గాజు పోగులు సాగిన ఆనవాలు లేకుండా, కత్తిరించినట్టు ఒకే వరుసలో తెగి ఉన్నాయి. జాలి లాగుడును తట్టుకునేలా చేసిన సరుకు. పలక అంచులు ఒకదాని పక్కన మరొకటి కిందికీ మీదికీ ఆడుతుంటే అది చేయగలిగింది దాదాపు శూన్యం. ఇది ఈ కంపెనీ జాలికి ప్రత్యేకమైన లోపం కాదు, ఏ జాలి అయినా ఇంతే.

రన్‌వేల విషయంలో కరపత్రం దాచిన సగం ఇదే. అక్కడ పొర వేసే ముందు హెవీ వెయిట్ డిఫ్లెక్టోమీటర్ అనే యంత్రంతో జాయింటుకు ఒక పక్కన బరువు పడేసి, రెండు పక్కలా ఎంతెంత కుంగిందో కొలుస్తారు. బరువు పడని పక్క కుంగుడును, పడిన పక్క కుంగుడుతో భాగించి జాయింటు బరువును ఎంత మేర పంచుతోందో లెక్క కడతారు. అది 70 శాతానికి పైన ఉంటే సాధారణంగా ఫరవాలేదంటారు. సగం కన్నా తక్కువైతే పైన ఏం పరిచినా లాభం లేదని ఆ పలకల కింద రంధ్రాలు వేసి బోలు నిండేలా సిమెంటు గ్రౌటు (పలుచని సిమెంటు ముద్ద) ఎక్కిస్తారు, లేదా పలకనే మార్చి కొత్తది పోస్తారు, లేదా మొత్తం కాంక్రీటును అక్కడికక్కడే ముక్కలు చేసి రోలరుతో అణిచి దాని మీద మందపాటి డాంబర్ వేస్తారు. జాలి, గుడ్డ వంటివి ఆ తర్వాతి మాట. పని సాగే పద్ధతిలోనూ తేడా ఉంది. నడుస్తున్న రన్‌వేను రాత్రి మూసి పొద్దునకల్లా విమానాలకు అప్పగించాలి కనుక పరిచిన జాలిని ఆ రాత్రే డాంబర్‌తో కప్పేస్తారు. ఆ రాత్రి పొర ముగిసిన చోట మెట్టు లేకుండా వాలు కడతారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విమానాశ్రయాలకు పెట్టిన ప్రమాణాల పత్రం అనెక్స్ 14 ప్రకారం 5 సెంటీమీటర్ల లోపు పొరకు ఆ వాలు 0.5 నుంచి 1 శాతం మధ్య ఉండాలి. మన యార్డులో ఒక వరుస జాలి రాత్రంతా తెరిచి ఉండిపోయింది, పొద్దునకు దాని మీద ఊక దుమ్ము పేరుకుంది.

మిల్లు యజమాని అంత పెద్ద యంత్రం తెప్పించలేడు, అవసరమూ లేదు. నిండు లోడు లారీ వెనక ఇరుసును జాయింటు పక్కన నిలిపి, రెండు పలకల అంచుల మీదా బెంకెల్‌మాన్ బీమ్ (కుంగుడు కొలిచే పొడవాటి మీట లాంటి పరికరం) పెట్టి రీడింగులు తీస్తే ఒక పూటలో ఏ జాయింటు ఆడుతోందో తెలిసిపోతుంది. అదీ కుదరకపోతే వానపడిన మర్నాడు కాటా దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఏ జాయింట్లలో బురద చిమ్ముతోందో సున్నంతో గుర్తు పెట్టుకోవచ్చు. సరుకు అమ్మే ముందు ఈ మాట అమ్మకందారే చెప్పాలి. ప్రతినిధి చదరపు మీటర్లు లెక్క కట్టి కొటేషన్ ఇచ్చాడు తప్ప ఒక్క జాయింటు దగ్గరా ఆగి చూడలేదు. సేవలో నాకు కనిపించిన అసలు లోటు ఇది.

యార్డులో ఒక మూల, జాలి చాలక మిగిలిపోయిన కొద్దిమేరలో మరో పద్ధతి ప్రయత్నించాము. డాంబర్ వేసేముందు పాత జాయింట్ల రెండు కొసలనూ ప్రహరీ మీదా కర్బు మీదా రంగుతో గుర్తించి, పొర చల్లారాక ఆ గుర్తుల నడుమ దారం లాగి, జాయింటుకు నేరుగా పైన పొర మందంలో మూడో వంతు లోతుకు రంపంతో కోసి, ఆ గాడిని రబ్బరు కలిపిన సీలెంటుతో నింపాము. పగులు ఎలాగూ వస్తుంది కనుక దాన్ని తిన్నని గీతలో, నీరు దిగని గాడిలోకి రమ్మని పిలవడమే ఇందులో కిటుకు. కాంక్రీటు రన్‌వేల మీద డాంబర్ వేసినప్పుడు దీన్నీ వాడతారు. కోత గీత ఒక అంగుళం పక్కకు జరిగినా పక్కనే రెండో పగులు లేచి పని చెడుతుంది కనుక గుర్తులు పెట్టే మనిషి నమ్మకస్తుడై ఉండాలి. ఆ మూల ఇప్పటికీ పొడిగా, బిగుతుగా ఉంది. ఖర్చు జాలి కన్నా తక్కువ, కాని సీలెంటును కొన్నేళ్లకోసారి తిరిగి నింపాలి. జాయింట్లు తిన్నగా ఉన్న చోట నా ఓటు దీనికే. అడ్డదిడ్డంగా చీలిన పలకల మీద మాత్రం ప్రతి పగులు వెంటా రంపం తిప్పలేము కనుక అక్కడ జాలే మేలు.

ధర విషయానికి వస్తే, జాలికీ దాన్ని పరచడానికీ అయిన అదనపు ఖర్చుతో ఇంకో సెంటీమీటరున్నర మందం డాంబర్ వచ్చేది. గోదాముల వైపు ఆ ఖర్చు సార్థకమే, ఎందుకంటే సెంటీమీటరున్నర మందం పగులును కొద్ది నెలలు మాత్రమే వెనక్కి నెట్టేది. కాటా వైపు ఆ డబ్బు పలకల కింద గ్రౌటుకు పెట్టాల్సింది. అయిదులో మార్కులు వేయమంటే గట్టి నేల మీది పలకలకు నాలుగు, ఆడే పలకలకు ఒకటి వేస్తాను. సగటు తీసి రెండున్నర అనడం కొనేవాళ్లకు ఏ విధంగానూ ఉపయోగపడదు.

కొనదలచినవాళ్లకు ఇంకో రెండు సంగతులు. జాలి మీద వేసే డాంబర్ 40 మిల్లీమీటర్లకు తగ్గితే పొర పట్టు తప్పి పెచ్చులుగా లేస్తుంది, కనుక మందం తగ్గించి జాలి ఖర్చు సర్దుకుందామని కాంట్రాక్టరు అంటే ఒప్పుకోవద్దు. రెండోది, కాటా వైపు పొరను ఇప్పుడు చెక్కించి పలకలు మార్చే పని మొదలైంది. చెక్కే యంత్రపు పళ్లకు గాజు జాలి చిన్న ముక్కలై డాంబర్ పొడిలో కలిసిపోతోంది. పాలీప్రొపిలీన్ గుడ్డ అయితే పళ్లకు చుట్టుకుని గంటకోసారి యంత్రం ఆపాల్సి వస్తుందని, అందుకే గుడ్డ వేసిన చోట చెక్కడానికి రేటు ఎక్కువ అడుగుతామని మిల్లింగ్ మెషిన్ ఆపరేటరు చెప్పాడు.